విశ్రాంత జీవితానికి విద్యుత్తు కారు.. కొనాలా, ఆగాలా?

అన్నవరం: రత్నగిరి పాదాన తొలిపావంచా వద్ద కొత్త వాహనాలకు పూజ చేయించటం ఈ ప్రాంతంలో పాత ఆనవాయితీ. చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, కొబ్బరికాయ కొడతారు, ఆపై ఇంజిను మోగించి బండిని ముందుకు ఉరికిస్తారు. కొన్నాళ్లుగా ఈ వరుసలో చివరిది కొన్ని కార్లకు ఉండటం లేదు. ఆకుపచ్చ నంబరు పలకతో వచ్చి, చడీచప్పుడు లేకుండా నిమ్మకాయలు నలిపి వెళ్లిపోయే విద్యుత్తు కార్లవి. వాటి వెనుక సీట్లలో కూర్చున్న పెద్దవారిని చూసి, ఉద్యోగ విరమణ అంచున ఉన్న మరికొందరికి అదే ఆలోచన కలగటం సహజం. ఇన్నాళ్లూ పెట్రోలు పోయించాం, ఇకనైనా కరెంటు కారుకు మారితే ఖర్చు తగ్గదా అన్నది ప్రశ్న.

ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, దాని వెనుక ఉన్న సొమ్ము చిన్నది కాదు. రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 2014లో 58 నుంచి 60 ఏళ్లకు, 2022 జనవరి నుంచి 62 ఏళ్లకు పెరిగింది. గ్రాట్యుటీ, పింఛను కమ్యుటేషను, 300 రోజుల వరకు ఆర్జిత సెలవుల నగదు, భవిష్యనిధి నిల్వ.. ఇవన్నీ జీవితంలో ఒకేసారి, ఒకే ఒక్కసారి చేతికి వచ్చేవి. ఆ తరువాత నెలనెలా వచ్చేది పింఛనే. కమ్యుటేషను చేసుకున్న భాగం తిరిగి పింఛనులో కలవటానికి 15 ఏళ్లు పడుతుంది. అంటే 62వ ఏట దిగిన ఉద్యోగికి పూర్తి పింఛను చేతికి అందేది 77వ ఏట. ఆ మధ్యకాలం గడిచేది ఈ మొత్తం మీదనే. అందులోంచి తొమ్మిదో పదో లక్షలు తీసి కారులో పెట్టటం పొరపాటైతే, సరిదిద్దుకోవటానికి మళ్లీ జీతం రాదు.

తిరిగినంత లాభం

విద్యుత్తు కారు కొన్నరోజున డబ్బు ఎక్కువ అడుగుతుంది, తిరిగే కొద్దీ తిరిగి ఇస్తుంది. దీని అర్థశాస్త్రమంతా ఈ ఒక్క మాటలో ఉంది. లీటరు పెట్రోలు 110 రూపాయలు, చిన్న కారు లీటరుకు 18 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు ఆరు రూపాయల పైచిలుకు. చిన్న విద్యుత్తు కారు, ఛార్జింగు నష్టాలు పోను, ఇంటి మీటరులో తిరిగిన ఒక యూనిట్‌కు ఆరు కిలోమీటర్ల వరకు నడుస్తుంది. ఇంటి కరెంటుతో సాధారణంగా కిలోమీటరుకు సుమారు రూపాయి నుంచి రూపాయిన్నర మధ్య తేలుతుంది. ఎక్కువగానే వేసుకొని రూపాయిన్నర అనుకున్నా, ప్రతి కిలోమీటరుకు మిగులు నాలుగున్నర రూపాయలు.

ఇక ధర. 2019 ఆగస్టులో విద్యుత్తు వాహనాలపై జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. చాలాకాలం ఇదే వాటికి పెద్ద అండ. అయితే 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్లపై పన్ను సైతం 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది, సెస్సు పోయింది. దాంతో రెండింటి మధ్య అంతరం మళ్లీ విస్తరించింది. ఒకే పరిమాణంలోని చిన్న కార్లను పక్కపక్కన నిలిపితే విద్యుత్తు కారు దాదాపు మూడు లక్షల రూపాయలు ఎక్కువ పలుకుతోంది.

ఉదాహరణకు తునిలో ఇల్లుండి, రానూపోనూ రోజుకు 60 కిలోమీటర్లు తిరిగి బడికి వెళ్లే ఉపాధ్యాయుడిని తీసుకుందాం. 220 పనిదినాలకు 13 వేల కిలోమీటర్ల పైన, సొంత పనులకు మరో నాలుగు వేలు.. మొత్తం ఏడాదికి 17 వేలు. ఇతడికి విద్యుత్తు కారు ఏటా 76 వేల రూపాయలు మిగులుస్తుంది. నాలుగేళ్లలో ఆ మూడు లక్షలూ తిరిగి వచ్చేస్తాయి. ఆయనే పదవీ విరమణ చేశాక బడి ప్రయాణం ఆగిపోతుంది. గుడి, బజారు, ఆసుపత్రి, పెళ్లిళ్లు, నెలకోసారి కాకినాడ.. అంతా కలిపినా నెలకు 500 కిలోమీటర్లు దాటటం కష్టం. ఏడాదికి ఆరు వేలు. మిగులు 27 వేలు. మూడు లక్షలు తిరిగి రావటానికి పదకొండేళ్లు. కారు కొన్న మనిషికి అప్పటికి 73.

విచిత్రమేమంటే, చాలామంది ఈ ఆలోచన చేసేది సరిగ్గా తిరుగుడు తగ్గిపోయే ఏడాదిలోనే. లెక్క ప్రకారం కారు మార్చవలసిన వయసు 62 కాదు, 57. చేతిలో ఏకమొత్తం లేదు గనుక అప్పుడు మార్చరు, వచ్చింది గనుక ఇప్పుడు మారుస్తారు. సర్వీసింగు ఖర్చు విద్యుత్తు కారుకు తక్కువే. ఇంజిను ఆయిలు, క్లచ్చు, బెల్టుల బాధ లేదు. థర్డ్ పార్టీ బీమా ప్రీమియంలో 15 శాతం రాయితీ కూడా ఉంది. అయితే కారు విలువ ఎక్కువ కాబట్టి సొంత నష్టానికి కట్టే ప్రీమియం ఎక్కువై, ఈ మిగులును కొంత తినేస్తుంది.

ఉన్న కారు అమ్మి కొంటే?

పైన చెప్పింది రెండు కొత్త కార్ల మధ్య పోలిక. ఇంట్లో నడిచే పెట్రోలు కారు ఉండగా దానిని అమ్మి మారదలచిన వారి లెక్క ఇంకా కఠినం. కొత్తది అన్ని ఖర్చులతో తొమ్మిదిన్నర లక్షలు, పాతది రెండున్నర లక్షలకు పోయిందనుకుంటే జేబులోంచి కదిలేది ఏడు లక్షలు. అదే మొత్తాన్ని తపాలా కార్యాలయంలో గానీ బ్యాంకులో గానీ వృద్ధుల పొదుపు పథకంలో వేస్తే, 2023 ఏప్రిల్‌లో ఖరారైన 8.2 శాతం వడ్డీ లెక్కన ప్రతి మూడు నెలలకు 14,350 రూపాయలు వస్తాయి. నెలకు 500 కిలోమీటర్లు తిరిగే పాత కారుకు అదే మూడు నెలల్లో పెట్రోలు ఖర్చు 9,200 మించదు. వడ్డీతోనే పెట్రోలు పోయించుకొని, పన్ను కట్టుకొని, ఏడాదికోసారి సర్వీసింగు చేయించుకోవచ్చు. పైగా ఏడు లక్షల అసలు అలాగే ఉంటుంది. అదే కారులో పెట్టిన ఏడు లక్షలు ఏటేటా కరుగుతాయి. ఈ పథకంలో గరిష్ఠ పెట్టుబడి పరిమితి 2023లో 15 లక్షల నుంచి 30 లక్షలకు పెరిగినందున చోటుకు కొదవ లేదు.

కాబట్టి ఏడెనిమిదేళ్ల వయసుండి, 50 వేల కిలోమీటర్లలోపు తిరిగి, మెకానిక్కు పెద్దగా పని చెప్పని కారును పొదుపు కోసం అమ్మటం పొదుపు కాదు. పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరాక పాత బండ్ల విషయంలో కొంత గుబులు బయలుదేరింది. మైలేజీ కొద్దిగా తగ్గటం, పాతబడిన రబ్బరు గొట్టాలు ముందుగా మార్చవలసి రావటం వంటివి ఉండవచ్చు. ఆ ఖర్చు వేలల్లో ఉంటుంది, లక్షల్లో కాదు.

ఉన్న కారుకు రిజిస్ట్రేషను కాలమైన 15 ఏళ్లు నిండవస్తున్నా, లేక తరచూ షెడ్డుకు చేరుతున్నా మాట వేరు. ఎలాగూ ఏదో ఒకటి కొనక తప్పదు గనుక, అప్పుడు చూడవలసిన తేడా ఆ మూడు లక్షలే. పొలాలకో, ఏజెన్సీలో వ్యాపకాలకో, పిల్లల ఊళ్లకో నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవారికి ఆ మొత్తం ఐదారేళ్లలో వచ్చేస్తుంది. వారు నిశ్చింతగా ఆలోచించవచ్చు.

అన్నవరం నుంచి ఎంత దూరం?

కంపెనీలు ప్రకటించే దూరం పరీక్షశాలది. 2022లో వచ్చిన టాటా టియాగో విద్యుత్తు కారునే చూస్తే, 24 యూనిట్ల బ్యాటరీకి కంపెనీ ప్రకటించిన దూరం 315 కిలోమీటర్లు. ఏసీ వేసుకొని నలుగురితో జాతీయ రహదారిపై 80, 90 వేగంతో వెళితే 180 నుంచి 200 వరకు లెక్కపెట్టుకోవటం క్షేమం. ఆ లెక్కన అన్నవరం నుంచి కాకినాడ వెళ్లి రావటం, సుమారు 100 కిలోమీటర్లు, నిశ్చింత. రాజమహేంద్రవరం వెళ్లి అదే రోజు తిరిగి రావచ్చు గానీ, ఇల్లు చేరేసరికి బ్యాటరీలో మిగిలేది అంతంతమాత్రం. విశాఖపట్నం ఒకవైపే 120 కిలోమీటర్ల చిల్లర కాబట్టి అక్కడ ఛార్జింగు పెట్టక తప్పదు. హైదరాబాదు 500 కిలోమీటర్ల పైమాట. చిన్న బ్యాటరీతో దారిలో మూడుసార్లు ఆగాలి, వేగవంతమైన ఛార్జరు దొరికినా ఆగిన ప్రతిసారీ గంట. అరవై దాటిన వారు రెండు గంటలకోసారి దిగి నడుము చాచుకోవలసిందే కాబట్టి ఆగటం అంత బాధ కాదు. ఆగిన చోట ఛార్జరు పనిచేయకపోవటం, ముందున్న బండి గంటకు గాని కదలకపోవటమే బాధ.

ఇంకొక చిక్కు ఫోనుది. రహదారి ఛార్జర్లలో ఎక్కువ భాగం యాప్‌లతో నడిచేవి. ఒక్కో సంస్థకు ఒక్కో యాప్, అందులో ముందుగా సొమ్ము వేసుకోవాలి. పెట్రోలు బంకులో నోటు చాచినంత సులువు కాదు. కొనకముందే ఇంట్లో ఎవరితోనైనా ఒకసారి ఛార్జింగు స్టేషనుకు వెళ్లి, సొంత చేత్తో మొదటి నుంచి చివరి దాకా చేసి చూసుకుంటే తమ వల్ల అయ్యేదీ కానిదీ తేలిపోతుంది. అక్కడ యూనిట్‌కు 20 రూపాయలు, ఆపై జీఎస్టీ పడుతుంది కాబట్టి కిలోమీటరు ఖర్చు మూడు రూపాయలు దాటుతుంది. తరచూ దూరాలు వెళ్లేవారి లెక్కలో మిగులు సగానికి పడిపోతుంది.

దూర ప్రయాణాలు ఏడాదికి మూడో నాలుగో అయితే వాటి కోసం పెద్ద బ్యాటరీ కొనటం దండగ. అన్నవరంలో ఆగే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ విశాఖ, విజయవాడలకు ఉండనే ఉంది. రైల్వేలో వృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఆగిపోయినా, ఆర్టీసీ బస్సుల్లో 60 దాటిన వారికి 25 శాతం తగ్గింపు ఉంది. డ్రైవరుతో సహా కారు అద్దెకు తీసుకున్నా ఏడాదికి అయ్యేది పెద్ద బ్యాటరీ కోసం అదనంగా పెట్టే సొమ్ములో పిసరంత.

ఇంటి ప్లగ్గు నుంచే మొదలు

సొంత ఇల్లు, కారు నిలిపే చోటు, అక్కడికి చేరే వైరు.. ఈ మూడూ లేనివారికి విద్యుత్తు కారు సుఖం కాదు. 15 యాంపియర్ల ప్లగ్గు చాలు. 24 యూనిట్ల బ్యాటరీ ఎనిమిది, తొమ్మిది గంటల్లో నిండుతుంది. రాత్రి పెట్టి ఉదయం తీయటమే. కానీ పాతికేళ్ల నాటి ఇంట్లో ఏసీ ప్లగ్గుకు తగిలించి వదిలేయటం ప్రమాదం. అన్ని గంటలు ఏకధాటిగా కరెంటు లాగే పరికరం ఇళ్లలో మరొకటి ఉండదు. మీటరు నుంచి విడిగా మందపాటి వైరు, దానికి వేరే ఎంసీబీ, సరైన ఎర్తింగు ఉండాలి. డెల్టా పల్లెల్లో చాలా ఇళ్లకు ఎర్తింగు గుంత పేరుకే ఉంటుంది, ఉప్పూ బొగ్గూ వేసి ఎన్నేళ్లయిందో ఇంటివారికే గుర్తుండదు. ముందు దానిని బాగు చేయించాలి. తూర్పు ప్రాంత విద్యుత్తు పంపిణీ సంస్థ వద్ద నమోదైన లోడును సైతం పెంచుకోవాలి.

నెలకు 500 కిలోమీటర్లకు కావలసింది 83 యూనిట్లు. ఇంటి వాడకం 180 యూనిట్లు ఉన్నచోట ఇవి కలిస్తే, 2022 నాటి శ్లాబుల ప్రకారం 225 యూనిట్ల వరకు ఆరు రూపాయలు, ఆ పైవాటికి 8.75 పడి, బిల్లు 600 రూపాయలు పెరుగుతుంది. వేసవిలో ఏసీలతో వాడకం 350కి చేరిన ఇంట్లో కొంత భాగం 9.75 శ్లాబులోకి వెళ్లి 760 అవుతుంది. సర్దుబాటు ఛార్జీలు, సుంకాలు వీటికి అదనం. అదే దూరానికి పెట్రోలైతే మూడు వేలు. కారు ఛార్జింగుకు వేరే కనెక్షను కోరే హక్కును వినియోగదారుకు 2024 ఫిబ్రవరిలో కేంద్రం సవరించిన నిబంధనలు ఇచ్చాయి. అయితే 80 యూనిట్ల కోసం రెండో మీటరు బాదరబందీ పెట్టుకోవటం దేనికో ఆలోచించాలి.

ఇంటి కప్పుపై సౌర ఫలకాలు ఉంటే చిత్రం మారిపోతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ఉంది. మంచి ఎండలో ఆ సామర్థ్యం రోజుకు పది నుంచి పన్నెండు యూనిట్లు ఇస్తుంది. ఇంటికీ కారుకూ అదే సరిపోతుంది. ఉద్యోగికి పగలు కారు కార్యాలయం దగ్గర ఉంటుంది, విశ్రాంత ఉద్యోగి కారు పగలు ఇంటి దగ్గరే ఉంటుంది. ఎండ ఉన్నప్పుడే ఛార్జింగు పెట్టగలగటం ఉద్యోగం వదిలిన వారికే దక్కే వెసులుబాటు. చేతికి వచ్చిన సొమ్ములో ముందు ఫలకాలు, తరువాతే కారు అన్న వరుస పాటిస్తే, కారు కొనకపోయినా ఫలకాల ఖర్చు వృథా పోదు.

విరమణ తరువాత హైదరాబాదులోనో విశాఖలోనో పిల్లల దగ్గర ఉండదలచిన వారు అక్కడి అపార్ట్‌మెంటులో కారు నిలిపే చోటుకు ప్లగ్గు వస్తుందా అని ముందే అడిగి పెట్టుకోవాలి. సంఘం ఒప్పుకోక, బయటి ఛార్జర్లపైనే ఆధారపడవలసి వస్తే పైన వేసిన లెక్కలన్నీ తలకిందులవుతాయి.

వానలు, వరదలు

ఈ ప్రాంతంలో కారు కొనేవారు వానాకాలాన్ని మరచిపోలేరు. 2024 సెప్టెంబరులో ఏలేరు పొంగి పిఠాపురం, గొల్లప్రోలు పరిసరాలను ముంచింది. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. విద్యుత్తు కార్ల బ్యాటరీ పెట్టెలు సాధారణంగా మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకునే ప్రమాణంతో వస్తాయి. రోడ్డుపై నిలిచిన నీటిని దాటటానికి అది చాలు. రాత్రంతా వరదలో నానటానికి కాదు. నీట మునిగిన కారును ఎండబెట్టి ఛార్జింగు పెట్టి చూద్దామనుకోవటం అతి ప్రమాదకరం. కంపెనీ సర్వీసు కేంద్రం పరీక్షించే దాకా ప్లగ్గు జోలికి పోరాదు. బీమాలో బ్యాటరీ రక్షణ అనే అదనపు అంశాన్ని తీసుకోకుండా ఇక్కడ విద్యుత్తు కారు నడపటం తెలివైన పని కాదు.

తుపాను రోజుల్లో కరెంటు పోతే ఎలా అన్నది సాధారణ సందేహం. ఇంటి ఇన్వర్టరు కారును ఛార్జి చేయలేదు. 2014లో హుద్‌హుద్ వేళ విశాఖలో రోజుల తరబడి కరెంటు లేకపోయింది, పెట్రోలు బంకుల వద్ద కూడా బారులు తీరవలసి వచ్చింది. తుపాను హెచ్చరిక రాగానే బ్యాటరీ నిండా పెట్టుకుంటే, ఊళ్లో తిరిగేవారికి వారం గడుస్తుంది.

మోకాళ్లు, కళ్లు, కాలపరిమితి

డబ్బుతో కొలవలేని మాట ఒకటుంది. క్లచ్చు తొక్కలేక కారు మానేసినవారు ఈ వయసులో చాలామంది. విద్యుత్తు కారుకు క్లచ్చు లేదు, గేర్లు లేవు, కుదుపు లేదు. మోకాళ్ల నొప్పులున్న వారికి ఇది నిజమైన ఉపకారం. ఇది పెట్రోలు ఆటోమేటిక్ కార్లలోనూ దొరుకుతుందని, వాటి ధర తక్కువని గుర్తుంచుకోవాలి. సీటు మరీ కిందికి ఉన్న కారులో దిగి లేవటం కష్టం కాబట్టి ఇంట్లో పెద్దవారిని కూడా షోరూముకు తీసుకువెళ్లి, రెండుమూడుసార్లు ఎక్కించి దింపి చూడాలి. విద్యుత్తు మోటారు తొక్కీతొక్కగానే దూకుతుంది. కాలు తడబడి బ్రేకు బదులు యాక్సిలరేటరు తొక్కితే పెట్రోలు కారు ఇచ్చినంత వ్యవధి ఇవ్వదు. మొదటి నెలలు నెమ్మదిగా నడిచే ఎకో పద్ధతిలోనే నడపటం మేలు.

బ్యాటరీకి సాధారణంగా ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తారు. నెలకు 500 తిరిగేవారు ఎనిమిదేళ్లలో 48 వేలకు మించరు, కాలమే ముందు ముగుస్తుంది. 62లో కొన్నవారికి అప్పటికి 70. 2019 సవరణ చట్టం ప్రకారం 55 ఏళ్లు దాటాక డ్రైవింగు లైసెన్సును ఐదేసి ఏళ్లకే పునరుద్ధరిస్తారు, ప్రతిసారీ వైద్యుడి ధ్రువపత్రం కావాలి. రాత్రిపూట ఎదురుబండి దీపాలకు కళ్లు జిగేలుమంటున్న వారు, శుక్లాల శస్త్రచికిత్స వాయిదా వేస్తున్నవారు ముందు ఆ పని చూసుకొని కారు మాట తరువాత ఆలోచించటం మంచిది. పదకొండేళ్లకు గిట్టుబాటయ్యే కారును అన్నేళ్లు స్వయంగా నడుపుతామా అని ఎవరికి వారే అడుగుకోవాలి.

ధర తక్కువగా చూపే బ్యాటరీ అద్దె పద్ధతి 2024 నుంచి ప్రచారంలోకి వచ్చింది. కారుకు ఒక ధర, బ్యాటరీకి కిలోమీటరుకు ఇంత అని అద్దె. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలన్న షరతు ఒప్పందంలో ఉంటే, తిరగని దూరానికి కూడా అద్దె పడుతుంది. తక్కువ తిరిగేవారికి ఇది గిట్టదు. వాడిన విద్యుత్తు కార్లు వేగంగా ధర కోల్పోతున్నాయి కాబట్టి, మూడు నాలుగేళ్ల పాతది కొనటం కొందరికి లాభసాటి కావచ్చు. బ్యాటరీ ఆరోగ్య నివేదికను కంపెనీ సర్వీసు కేంద్రంలోనే తీయించాలి. కొన్ని సంస్థలు ఇచ్చే జీవితకాల వారంటీ మొదటి యజమానికే పరిమితమన్న సంగతి చూసుకోవాలి. అప్పుపై కొనేవారికి ఒకప్పుడు ఆదాయపు పన్నులో లక్షన్నర వరకు వడ్డీ మినహాయింపు ఉండేది. అది 2023 మార్చి 31లోగా మంజూరైన రుణాలకే. ఇప్పటికీ ఉందని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు.

ఇన్ని చూసుకున్నాక కూడా మనసు విద్యుత్తు కారు వైపే మొగ్గితే, పరీక్షకు రత్నగిరి ఘాట్ రోడ్డు అందుబాటులోనే ఉంది. తిరుమల కనుమ దారిలో ఆర్టీసీ విద్యుత్తు బస్సులు 2022 సెప్టెంబరు నుంచి ఎక్కి దిగుతున్నాయి కాబట్టి కొండ ఎక్కుతుందా అన్న అనుమానం అక్కరలేదు. చూడవలసింది వేరు. నలుగురిని ఎక్కించుకొని, ఏసీ వేసి, కింద బ్యాటరీ శాతం రాసుకొని పైకి వెళ్లాలి. దిగేటప్పుడు కాలు తీయగానే మోటారే బ్రేకులా పనిచేసి కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటుకు చోటుండదు, బ్రేకు పట్టు తేడాగా అనిపిస్తుంది. అందుకే 80 శాతం దగ్గర ఈ పరీక్ష చేయాలి. స్వామి దర్శనం చేసుకొని కిందికి వచ్చాక మిగిలిన శాతాన్ని, రోజూ తిరిగే దూరాన్ని పక్కపక్కన వేసుకుంటే ఎంత బ్యాటరీ కావాలో తెలిసిపోతుంది. షోరూము వారు ఒక అరగంటకు మించి కారు ఇవ్వమంటే, ఒక రోజుకు అద్దెకు దొరికే అదే రకం కారుతోనైనా ఈ పని చేయవచ్చు.